ఎర్ర క్లోవర్‌కు గింజ ఎందుకు పట్టలేదు?

పశువుల మేతకని న్యూజిలాండ్ రైతులు బ్రిటన్ నుంచి ఎర్ర క్లోవర్ తెచ్చి వేశారు. మాంసకృత్తులు మెండుగా ఉన్న మేత అది. పైరు ఏపుగా పెరిగింది, విరగబూసింది. గింజ మాత్రం సరిగా పట్టలేదు! విత్తనం ఓడల్లో తెప్పించుకోవలసి వచ్చేది.

కారణం పువ్వులోనే ఉంది. ఆ గులాబీరంగు గుత్తిలో సన్నని గొట్టాల్లాంటి చిన్న పూలు పదుల కొద్దీ ఉంటాయి. మకరందం గొట్టం అడుగున ఉంటుంది. తేనెటీగ నాలుక అంత లోతుకు సులువుగా అందదు. తేనెటీగల బంధువులైన, పొడవు నాలుక ఉన్న బంబుల్‌బీలకు అందుతుంది; అవి అప్పట్లో న్యూజిలాండ్‌లో లేవు. పైగా ఈ మొక్కకు తన పుప్పొడి పనికిరాదు, మరో మొక్క నుంచి రావాల్సిందే.

1885లో ఇంగ్లండ్ నుంచి, చలినిద్రలో ఉన్న రాణి బంబుల్‌బీలను ఓడలో చల్లగా ఉంచి తెచ్చి, న్యూజిలాండ్‌లోని క్యాంటర్‌బరీలో వదిలారు. అవి స్థిరపడ్డాక క్లోవర్‌కు గింజ బాగా పట్టింది.

మన పిల్లిపెసర కూడా క్లోవర్ కుటుంబానిదే. పొలంలో కనిపిస్తే ఒక మొక్క పీకి, గాలిలోని నత్రజనిని పట్టే వేరుబుడిపెలను చూడండి.