చిన్న క్లినిక్కులు – కంప్యూటరు చిట్టాలు

మన పేటలలోని చిన్న క్లినిక్కు అనగా ఒక డాక్టరుగారు, ఒక కాంపౌండరు, రెండు బల్లలు. రోగి చరిత్ర కొంత చీటీలమీద, చాలవరకు డాక్టరుగారి జ్ఞాపకములో ఉండును. రోగి వేరొక ఊరికి మారినచో ఆ చరిత్ర వెంట రాదు. పెనిసిలిన్ పడని మనిషికి, ఆ సంగతి తెలియక ఎవరైనా ఆ సూదియే వేసినచో ప్రాణాపాయము. కంప్యూటరు చిట్టా కావలసినది ఇందుకే.

ప్రభుత్వమువారు 2020 ఆగస్టు 15న ఇందుకొక పథకమును ప్రకటించి, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతములలో నడిపి చూచిరి. వానిలో పుదుచ్చేరి ఒకటి. మన యానాము అందులోనిదే కదా! 2021 సెప్టెంబరు 27న ‘ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్’ పేరున దానిని దేశమంతటికి విస్తరింపజేసిరి. ఇందులో రోగికి 14 అంకెల ‘ఆభా’ సంఖ్య ఇత్తురు. తీసికొనుట నిర్బంధము కాదు. వివరములు వ్రాసిన ఆసుపత్రివద్దనే ఉండును. రోగి సమ్మతించినప్పుడే మరొక డాక్టరు చూడగలరు.

అయితే చిన్న డాక్టరుగారికి తోడ్పడుట ఎట్లు? కచేరీలో పాత రిజిస్టరు మూసి కొత్తది తెరచుట మావంటి గుమాస్తాలకు నిత్యకృత్యము. ఆ అనుభవముతో కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

పాత చీటీలన్నియు ఎక్కించబూనరాదు. అది తెమిలే పని కాదు. నేడు వచ్చిన రోగికి పడని మందులు, వాడుచున్న మందులు, బి.పి., షుగరు వంటి దీర్ఘవ్యాధులు – ఈ మూడు ఎక్కించిన చాలును. తరచు వచ్చువారందరు క్రమముగా చేరిపోవుదురు. కొంతకాలము కాగితము కూడ సాగవలెను. డాక్టరుగారు తెరవంక చూచుచు రోగి ముఖము చూడరను ఫిర్యాదు న్యాయమైనదే. కనుక ముందుగా కాంపౌండరుకు నేర్పవలెను; వివరములు ఆయన ఎక్కించినచో డాక్టరుగారికి మిగులునది కొద్ది.

పేర్ల విషయమున మనవారు మరింత జాగ్రత్త వహింపవలెను. మనము ఇంటిపేరు ముందు పెట్టుదుము. తమిళనాట తండ్రిపేరులోని మొదటి అక్షరము పెట్టుదురు. ఒకే మనిషి రెండు పేర్లతో ఎక్కినచో షుగరు ఒకచోట, పడని మందు మరొకచోట చేరును. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉండుట కలదు గనుక ఫోను నంబరొక్కటే చాలదు. ఆధార్ కార్డులోని పేరు, పుట్టిన సంవత్సరము సరిచూచుకొనవలెను.

సాఫ్ట్‌వేరు కొనుటకు ముందు, రేపు మానుకొనదలచినచో మన వివరములు మనకు తిరిగి ఇత్తురా అని అడుగవలెను. ప్రతిరాత్రి ఒక నకలు వేరుగా భద్రపరచవలెను.

రెండు భాషలు వచ్చిన మన యువకులు, యువతులు వారమునకొక గంట ఇట్టి క్లినిక్కులో కూర్చుండి నేర్పిన ఎంతో మేలు. అయితే నేర్పునప్పుడు కల్పిత పేర్లతోనే నేర్పవలెను. మన పేటలో అందరికి అందరు తెలిసినవారే. ఒకరి రోగము మరొకరి నోట పడినచో, రేపు ఏ రోగియు నిజము చెప్పడు. నిజము లేని చిట్టా ఎంత చక్కగా వ్రాసినను వ్యర్థమే.