వార్త వెనుకనున్న చదువు

భద్రతా మండలిలో 15 దేశములకుగాను 14 దేశములు సమ్మతించినను, శాశ్వత సభ్యదేశ మొక్కటి కాదన్నచో తీర్మానము వీగిపోవును. ఇట్టి వార్తను మేము అర నిమిషములో చదివి ముగింతుము. ఎందుకట్లని ఇంటిలో పిల్లలడిగినచో పెద్దలు తడుముకొందురు. ఆ 'ఎందుకు'ను నేర్పునదే అంతర్జాతీయ సంబంధముల శాస్త్రము.

మొదటి ప్రపంచ యుద్ధమున అసువులు బాసిన విద్యార్థుల స్మృత్యర్థము లభించిన విరాళముతో 1919లో వేల్సులోని అబెరిస్ట్విత్‌లో దీనికి తొలి ఆచార్యపీఠ మేర్పడినది. మన దేశమున 1955లో ఢిల్లీ సప్రూ హౌస్‌లో ప్రారంభమైన విద్యాలయము 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున చేరినది.

ఎం.ఏ.కు వలయు కాలము వెచ్చింపలేని పట్టభద్రులకు, ముఖ్యముగా ఉద్యోగస్థులకు, కొన్ని విశ్వవిద్యాలయములు సర్టిఫికెట్ కోర్సును నడుపుచున్నవి. పాఠ్యాంశములు కొద్ది, పెక్కింట సిద్ధాంతవ్యాసము వ్రాయ బనిలేదు. దీనితో రాయబారి పదవి లభించునని మాత్రము భ్రమపడరాదు; విదేశాంగ సేవకు సివిల్ సర్వీసు పరీక్ష దాటవలసినదే.

మరి లాభమేమి? 1950 జూన్‌లో కొరియా యుద్ధముపై మండలి తీర్మానించునాడు సోవియట్ ప్రతినిధి కుర్చీ ఖాళీగా నుండెను. చైనా స్థానము కమ్యూనిస్టు ప్రభుత్వమున కీయలేదని ఆయన కొన్ని నెలలుగా సభలు మానియుండెను. శాశ్వత సభ్యుల సమ్మతి కావలయునని ఐక్యరాజ్యసమితి నిబంధనావళి 27వ అధికరణము చెప్పుచున్నది. సభకు రానివాడు సమ్మతించినట్లా, కాదన్నట్లా? తీర్మానము చెల్లదని సోవియట్ ప్రభుత్వము వాదించినది. మండలి చెల్లినట్లే నడచుకొన్నది. విద్యార్థి ఈ వాదములను, అధికరణమును ప్రక్కప్రక్క నుంచుకొని చదువును. ఆ తీర్మానముల ననుసరించియే 16 దేశముల సేనలు కొరియాకు పోయినవి. మన దేశము యుద్ధసేనను పంపక, 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు అను వైద్యదళమును పంపినది.