ఊళ్ళో ఇంటికి ఏసీ పెట్టేముందు

మనలో చాలామందికి ఊళ్ళో ఓ పాత ఇల్లు ఉంటుంది. సంక్రాంతికి నాలుగు రోజులు, ఎండాకాలం ఓ రెండు నెలలు తెరుస్తాం. మిగతా ఏడాదంతా తాళమే. మాది రెంటచింతల వైపు. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు. ఎండల వార్తల్లో ఆ పేరు వినని వాళ్ళుండరు. మా నానమ్మ మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచి ఆవకాయ పెట్టేదాకా అక్కడే ఉంటుంది. ఆమెకి డెబ్భై ఆరేళ్ళు. పోయిన మే నెలలో వడదెబ్బ తగిలి సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఎండలో తిరిగి కాదు, ఇంట్లో ఉండే! "ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టించేద్దాం, నువ్వు మెకానికల్ కదరా, చూడు" అన్నాడు బాబాయి. చూశాను. చేయాల్సిన పనుల్లో ఏసీ ఆఖరిదని తేలింది.

ముందు పైకప్పు

మా ఇంట్లో ముందు భాగం పెంకుటిల్లు, వెనకాల తర్వాత వేసిన శ్లాబు గది. నానమ్మ పడుకునేది శ్లాబు గదిలో. పగలంతా ఎండకి కాగిన కాంక్రీటులోంచి వేడి కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట చల్లబడ్డాక కూడా గది కుంపటిలా ఉంటుంది. ఫ్యాను ఆ వేడి గాలినే తిప్పుతుంది.

నేను వేసిన ఉజ్జాయింపు లెక్క ఇది. గది 10 అడుగులు, 12 అడుగులు. మసకబారిన శ్లాబు అయితే మండుటెండలో పైకప్పు నుంచి దాదాపు 1.2 కిలోవాట్ల వేడి లోపలికొస్తుంది. అదే తెల్లగా సున్నం కొడితే 0.7 దాకా తగ్గుతుంది. ఒక టన్ను ఏసీ తోడేసేది సుమారు 3.5 కిలోవాట్లు. అంటే ఒక్క పైకప్పే అందులో మూడో వంతు తినేస్తోంది. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేస్తే చాలు. వానలకి పోతుంది కాబట్టి ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేయాలి. పైన తాటాకు పందిరి కూడా వేస్తే ఇంకా మేలు. కరెంటు పోయినా ఈ రెండూ పనిచేస్తూనే ఉంటాయి.

ఇది మన గుంటూరు వాళ్ళకి కొత్త విషయమేం కాదు. మిర్చి రంగు పోకుండా బస్తాల్ని కోల్డ్ స్టోరేజీలో పెడతాం కదా, అక్కడ గోడలకి, కప్పుకి వేడి చొరబడకుండా మందంగా ఇన్సులేషన్ వేశాకే మిషన్ పెడతారు. రేకుల షెడ్డులో కంప్రెసర్ బిగించి బస్తాలు చల్లబడాలని ఎవరూ అనుకోరు. ఇంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తెలివి మర్చిపోతాం.

కూలరా, ఏసీనా?

కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. 43 డిగ్రీలు, 20 శాతం తేమ ఉంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత 25 దగ్గర ఉంటుంది. మామూలు కూలర్ గాలిని 30కి దించగలదు. అదే ఒంగోలు వైపు, సముద్రం దగ్గర, 36 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న రోజున 31 కంటే దించలేదు. పైగా ఒళ్ళంతా జిగట. కాబట్టి పల్నాడు మధ్యాహ్నాలకి కూలర్ చాలు, ఒంగోలు ఉక్కపోతకి ఏసీయే కావాలి. ఇంకో సంగతి, కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరవాలి. ఏసీ పెడితే అన్నీ మూయాలి. పెంకుటింట్లో సందులన్నిట్లోంచీ చల్లదనం పోతుంది కాబట్టి సీలింగ్ వేయించకుండా ఏసీ దండగ.

తాళం వేసిన ఇంటి బాధలు

పాత వైరింగ్ రెండు ఫ్యాన్లకీ నాలుగు బల్బులకీ వేసింది. ఒకటిన్నర టన్ను ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. మీటర్ దగ్గర్నుంచి విడిగా రాగి వైరు, దానికో ఎంసీబీ, సరైన ఎర్తింగ్ ఉండాలి. కరెంటాఫీసులో లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి, అందుకే ఇల్లు తెరిచిన రోజే స్విచ్ వేసేయకుండా ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. కూలర్‌ని ఎత్తి పెట్టేముందు నీళ్ళు తీసేసి ప్యాడ్లు ఆరబెట్టాలి. బోరు నీళ్ళకి ప్యాడ్ల మీద తెల్లటి పొర గట్టిపడుతుంది కాబట్టి సీజన్‌కోసారి మార్చక తప్పదు.

హీటర్ సంగతంటారా? సంక్రాంతి చలికి మనకి దుప్పటి, ఓ గీజరు చాలు.

మా ఇంట్లో ఖాయమైన వరస ఇది: సున్నం, పందిరి, వైరింగ్, కూలర్. వచ్చే మేలో ఇవన్నీ అయ్యాక కూడా రాత్రి పదింటికి గదిలో 34 డిగ్రీలు దాటితే అప్పుడు ఒక టన్ను ఏసీ. బాబాయి ఒప్పుకున్నాడు. థర్మామీటర్ కొనిచ్చాను, రోజూ చదివి నాకు ఫోన్లో చెప్పే డ్యూటీ నానమ్మదే.