చీకటి వంటింటికి ఏ రంగు? మీకు తెలుసా?

బెంగళూరులో ఫ్లాటు కొన్నవాళ్లు చాలామంది పాలు పొంగించిన రోజే ఒక సంగతి గమనిస్తారు. పట్టపగలు కూడా వంటింట్లో లైటు వేయాల్సి వస్తోంది! తర్వాత మాడ్యులర్ కిచెన్ షోరూముకు వెళ్తే అక్కడ మొదటి ప్రశ్న “ఏ కలర్ చూపించమంటారు?” అనే. నిజానికి ముందు అడగాల్సింది వెలుతురు ఎటునుంచి వస్తుందని. కబోర్డుల రంగుకీ, గట్టు వెనక గోడకు వేసే డాడో టైల్స్‌కీ అడ్వాన్సు ఇచ్చేముందు ఈ విశేషాలు ఒకసారి చదవండి.

1. కిటికీ ఉన్నా చీకటే, ఎందుకు?

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో వంటింటిని ఆనుకుని యుటిలిటీ అని ఒక చిన్న వరండా ఉంటుంది. వాషింగ్ మెషీన్, అంట్ల సింకు, బట్టల దండెం అన్నీ అక్కడే. వంటింటి కిటికీ, తలుపు రెండూ దాంట్లోకే తెరుచుకుంటాయి. అంటే ఆకాశం వెలుతురు యుటిలిటీ కప్పు కింద దూరి, ఆరేసిన దుప్పట్లను తప్పించుకుని స్టవ్ దాకా రావాలన్నమాట. అందుకే వంటింటి రంగు సంగతి తర్వాత, ముందు యుటిలిటీ గోడలకూ సీలింగుకూ తెల్లరంగు వేయించాలి. బట్టల దండేన్ని కిటికీ ముందునుంచి పక్కకు జరపడానికైతే ఖర్చే లేదు.

2. దక్షిణపు కిటికీకి నడివేసవి మధ్యాహ్నం ఎండ పడదు

బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 తేదీల ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే పడదు. జీరో షాడో డే అనేది దీన్నే. ఈ రెండు తేదీల మధ్య నాలుగు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఆ వేళ నేరుగా ఎండ రాదు. అదే కిటికీలోంచి డిసెంబరులో ఎండ గట్టు మీద పరుచుకుంటుంది. వాస్తు చూసి ఆగ్నేయంలో కట్టిన వంటింటికి తూర్పు కిటికీ ఉంటే టిఫిన్ల వేళ వెలుగు బాగుంటుంది, సాయంత్రం వంటకు మాత్రం లైటే గతి. డిసెంబరు పొద్దున చూసి నచ్చిన రంగు జూలై సాయంత్రం వేరుగా కనిపించడంలో వింతేమీ లేదు.

3. మీ వంటింటి రంగులో పక్కింటివాళ్లకూ వాటా ఉంది

30×40 అడుగుల సైట్లలో ఇంటికీ ఇంటికీ మధ్య చాలాచోట్ల సన్నటి సందే మిగులుతుంది. అక్కడ కిటికీలోంచి ఆకాశం బదులు పక్కింటి గోడ కనిపిస్తుంది. గదిలోకి వచ్చే పగటి వెలుతురును ఆర్కిటెక్టులు మూడు భాగాలుగా లెక్కిస్తారు: ఆకాశం నుంచి నేరుగా వచ్చేది, బయటి గోడలకు తగిలి వచ్చేది, లోపలి గోడలకు తగిలి తిరిగేది. సందులోని వంటింటికి రెండోదే ప్రధానం. పక్కింటి గోడ చిలకపచ్చ అయితే మీ తెల్ల కబోర్డులకు పచ్చని ఛాయ తప్పదు. వాళ్లు పెయింటింగ్ పెట్టుకున్నప్పుడు “ఆ ఒక్క గోడకు తెల్లరంగు మేం వేయిస్తామండీ” అని అడిగి చూడండి. ఖరీదైన లామినేట్ కన్నా అదే లాభసాటి బేరం.

4. వంటింటికి పావు వంతు ఎక్కువ

నేషనల్ బిల్డింగ్ కోడ్ నేల వైశాల్యాన్ని బట్టి కిటికీల కొలత చెబుతుంది. పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. వంటిల్లయితే దాని మీద మరో 25 శాతం పెంచమంటుంది. 80 చదరపు అడుగుల వంటింటికి తక్కువ లెక్క ప్రకారం చూసినా 10 చదరపు అడుగులు కావాలి. టేపు పెట్టి మీ కిటికీ కొలవండి. ఎగ్జాస్ట్ ఫ్యాను, చిమ్నీ గొట్టం, కిటికీని సగం మూసేసే టాల్ యూనిట్ ఆక్రమించింది తీసేస్తే ఎంత మిగిలిందో చూడండి.

5. మూడు గోడలు తాకేసరికి వెలుతురు ఎంత మిగులుతుంది?

కొన్ని షేడ్ కార్డుల మీద ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. ఆ రంగు తన మీద పడ్డ వెలుతురులో నూటికి ఎంత తిప్పి పంపుతుందో అది చెబుతుంది. అసలు మహిమ గుణకారంలో ఉంది. అంకె 80 ఉన్న లేత రంగులకు మూడుసార్లు తగిలి వచ్చిన వెలుతురులో 51 శాతం మిగులుతుంది. 50 ఉన్న మధ్యరకం రంగులైతే పన్నెండున్నర శాతం. 20 ఉన్న ముదురు రంగులైతే ఒక్క శాతం కూడా మిగలదు. పెద్ద కిటికీ ఉన్నవాళ్లకు ఈ లెక్కతో పనిలేదు. చీకటి వంటింటికి మాత్రం ఇదే కీలకం.

6. అయితే అంతా తెలుపేనా?

అక్కర్లేదు. తెలుపుకు సొంత వెలుగు లేదు, వచ్చినదాన్నే తిప్పి పంపుతుంది. వెలుతురు సరిగా చేరని మూలలో తెల్ల కబోర్డు బూడిదరంగులో నీరసంగా కనిపిస్తుంది. సీలింగు, పై కబోర్డులు, డాడో లేతగా ఉంచితే గట్టు మీద పనికి కావలసిన వెలుతురు దక్కుతుంది. గట్టు కింది కబోర్డులు ఎలాగూ గట్టు నీడలోనే ఉంటాయి. ముదురు నీలం, ముదురు పచ్చ, చెక్క రంగు వంటి ముచ్చట్లు అక్కడ తీర్చుకోవచ్చు. తడిగుడ్డ మరకలూ, కాలి తాకిళ్లూ కనిపించకుండా పోతాయి. పైన వేయడానికి పాలమీగడ రంగు, దంతపు రంగు లాంటివి సున్నపు తెలుపు కన్నా నయం, నీడలో కూడా బూడిదగా మారవు.

7. సందెవేళ ఎరుపు నల్లబడుతుంది

19వ శతాబ్దం మొదట్లో యాన్ పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. వెలుతురు తగ్గేకొద్దీ ఎర్రపూలు నల్లబడుతుంటే, నీలం, ఆకుపచ్చ అంత త్వరగా మసకబారడం లేదు. మసక వెలుతురులో మన కంట్లో వేరే రకం కణాలు పని అందుకోవడమే దీనికి కారణం. వాటికి ఎరుపు దాదాపు కనిపించదు. షోరూములో ధగధగలాడిన మెరూన్ కబోర్డు లైటు వేయని వంటింట్లో నల్లటి దిమ్మెలా కనిపించడం వెనక కథ ఇదే.

8. ఈగలు రాకుండా నీలం!

నేటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం 1926 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ కిచెన్. రూపశిల్పి మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు. వెడల్పు రెండు మీటర్లకు లోపు, పొడవు మూడున్నర మీటర్లకు లోపు ఉన్న ఆ ఇరుకు వంటింట్లో పనిబల్లను కిటికీ కిందే పెట్టింది. సీలింగుకు పట్టా బిగించి, దీపం ఎటు కావాలంటే అటు జరిగేలా చేసింది. కబోర్డులకు నీలి ఆకుపచ్చ రంగు వేయించింది, ఈగలు ఆ రంగు మీద వాలవని అప్పటి నమ్మకం. అలాంటి వంటిళ్లు సుమారు 10,000 కట్టారు. ఈగల మాట ఎలా ఉన్నా, కిటికీ కింద పనిబల్ల, జరిగే దీపం నేటికీ పనికొచ్చే పాఠాలే.

9. సబ్‌వే టైల్ పుట్టింది భూమి అడుగున

బెంగళూరు ఇళ్లలో ఇప్పుడు ఫ్యాషనైన 3×6 అంగుళాల తెల్లటి మెరిసే టైల్‌కు పేరు తెచ్చింది 1904 అక్టోబరులో మొదలైన న్యూయార్క్ సబ్‌వే. హైన్స్, లఫార్జ్ అనే ఆర్కిటెక్టులు ఎండ మొహం చూడని స్టేషన్ల గోడలకు ఈ టైల్స్ పరిచారు. దీపాల వెలుగును తిప్పి కొడతాయి, మసి పడితే తుడిచేయవచ్చు. చీకటికీ మురికికీ మందుగా పుట్టిన టైల్ కాబట్టి మన వంటింటికి అతికినట్టు సరిపోతుంది. ఒకే ఒక్క చిక్కు అతుకులతోనే, అది తర్వాతి విశేషం.

10. పసుపు మరకకు ఎండే మందు

పది అడుగుల గట్టు, రెండడుగుల ఎత్తు డాడో అనుకోండి. 3×6 అంగుళాల టైల్స్ 160 పడతాయి. 1×2 అడుగులవైతే 10 చాలు. స్టవ్ వెనక గోడను దగ్గర్నుంచి చూడండి. పోపు చిటపటలాడినప్పుడు ఎగిరిన పసుపు నూనె టైల్ మీద నుంచి ఒక్క తుడుపుతో పోతుంది. రెండు టైల్స్ మధ్య ఉన్న తెల్ల సిమెంటు గ్రౌట్ మాత్రం దాన్ని పీల్చుకుని పచ్చటి గీతలా మిగులుతుంది. సబ్బు పెట్టి రుద్దితే ఆ గీత ఎర్రబడుతుంది, పసుపుకు సున్నం తగిలితే పారాణి అయినట్టే. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ ఎండకు విరిగిపోతుంది. పసుపంటిన బట్ట ఎండలో వెలిసేది అందుకే. చీకటి వంటింటి గోడకు ఆ సాయం లేదు. కాబట్టి స్టవ్ వెనకైనా పెద్ద టైల్స్, ఎపాక్సీ గ్రౌట్ వేయించండి. ధర ఎక్కువే, కానీ మరకను పీల్చుకోదు. గ్రౌట్ రంగు లేత బూడిద అయితే ఇంకా మేలు.

11. తెల్ల ఎనామెల్ చీకట్లోనే పసుపెక్కుతుంది

చాలా రంగులు ఎండకు వెలిసిపోతాయి. ఆయిల్ ఎనామెల్ తెలుపుది మాత్రం తలకిందుల స్వభావం. వెలుతురు తగలని చోట, అంటే కబోర్డు లోపల, తలుపు వెనక అది మెల్లగా పసుపు రంగుకు తిరుగుతుంది. దానిలోని నూనె గుణమే అంత. చీకటి వంటింటి చెక్కపనికి తెల్లరంగు వేయాలనుకుంటే నీటితో కలిపే యాక్రిలిక్ రకం ఎంచుకోవడం క్షేమం.

12. మెరుపు వేరు, వెలుతురు వేరు

అద్దంలా మెరిసే యాక్రిలిక్ షట్టర్లు వేస్తే గది వెలిగిపోతుందని సేల్స్‌మన్ చెబుతాడు. వెలుతురు ఎంత తిరిగి వస్తుందనేది ప్రధానంగా రంగు లేతదనాన్ని బట్టి ఉంటుంది. మెరుపు ఆ వెలుతురును ఒకే దిక్కుకు తిప్పుతుంది, అంతే. నల్లటి గ్లాసీ షట్టరులో కనిపించేది లైటు ప్రతిబింబమూ, వేలిముద్రలూను. లేత రంగు సాటిన్ ఫినిష్ వెలుతురును గదంతా పరుస్తుంది, కళ్లకు పొడుచుకోదు.

13. బెంగళూరు వంటింట్లో మన రాళ్లు

బెంగళూరు పాత ఇళ్లలో గట్టు కింద అరలుగా నిలబెట్టిన నల్లబండలు చాలావరకు కడపవే. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు వెళ్తుంది. నల్లరాతిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజపు పలుకులు. మన్నికలో తిరుగులేదు గానీ, నల్ల గట్టు వెలుతురును మింగేస్తుంది. దాని మీద ఒలికిన బియ్యపుగింజ కనిపిస్తుంది, ఆవగింజ కనిపించదు. గట్టు నల్లదైతే డాడో తప్పనిసరిగా లేతగా ఉండాలి.

14. కప్పులోంచి వెలుతురు

మన పాత పెంకుటిళ్లలో వంటింటి కప్పుకు గవాక్షి ఉండేది. పొగ బయటికి పోయేది, వెలుగు లోపలికి వచ్చేది. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక ఆ పెంకులు దక్షిణాదంతా పాకాయి. వాటి మధ్య అదే ఆకారంలో ఒకటి రెండు గాజు పెంకులు పొదిగేవారు. ఇప్పుడు పై అంతస్తులో ఉన్నవాళ్లు చిన్న స్కైలైటుతో, మిగతావాళ్లు యుటిలిటీ తలుపు పైభాగానికి గాజు పెట్టించి ఆ పని కొంత సాధించవచ్చు.

15. రెండు శాంపిల్స్ షాపులో కలుస్తాయి, ఇంట్లో విడిపోతాయి

లామినేట్, టైల్ రెండూ షోరూము దీపాల కింద ఒకే క్రీము రంగులో కనిపించి, ఇంటికొచ్చాక ఒకటి పసుపుగా, ఒకటి బూడిదగా తేలడం మామూలే. పదార్థాలు వేరు కాబట్టి దీపం మారితే అవి రంగు చూపే తీరూ మారుతుంది. పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ బల్బు కింద నీలి బూడిద రంగులు మురికిగా, తెల్లటి వెలుగిచ్చే 6500 కెల్విన్ కింద క్రీము రంగులు పాలిపోయినట్టుగా కనిపిస్తాయి. వంటింటికి 4000 మధ్యేమార్గం. రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ అంకె బల్బు డబ్బా మీద 90 ఉందేమో చూడండి. అది తక్కువైతే టమాటా ఎరుపు కూడా వాడినట్టుంటుంది. సీలింగు లైటు మన వీపు వెనక నుంచి పడి మన నీడే గట్టు మీద వేస్తుంది కాబట్టి పై కబోర్డు కింద ఒక ప్రొఫైల్ లైటు తప్పనిసరి.

16. అమ్మమ్మ కంటికి మూడో వంతే

అరవై ఏళ్ల కంట్లో రెటీనాకు చేరే వెలుతురు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే. ఇంట్లో పెద్దవాళ్లు వంట చేస్తుంటే గట్టు అంచు, నేల ఒకే రంగులో కలిసిపోకుండా చూడండి. మీకు సరిపోయిన వెలుతురు వాళ్లకు సరిపోదు.

17. ఒకే టైల్, రెండు షేడ్లు

మన దేశంలో టైల్స్‌కు పెద్ద కేంద్రం గుజరాత్‌లోని మోర్బీ. ఒకే డిజైన్ అయినా ఒక్కో బ్యాచ్‌కు షేడ్ కాస్త మారవచ్చు. అట్టపెట్టె మీద బ్యాచ్ నంబరు వేసేది అందుకే. అన్ని పెట్టెలూ ఒకే నంబరువి తీసుకోండి, విరుగుళ్లకూ రేపటి మరమ్మతులకూ పది శాతం అదనంగా కొనండి.

చివరిగా ఒక మాట. ముందు వెలుతురు దారి సరిచేయండి, తర్వాత లైట్లు బిగించండి, ఆ లైట్ల కింద డాడో టైల్ ఎంచుకోండి, కబోర్డు రంగు ఆఖర్న. షోరూములో చిన్న ముక్క చూసి సంతకం పెట్టకండి. అడుగు పొడవైనా ఉన్న శాంపిల్ అడిగి తెచ్చుకుని, మీ గట్టు మీద గోడకు ఆనించి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైటు కింద చూడండి. నాలుగు వేళలా నచ్చితేనే అడ్వాన్సు ఇవ్వండి.