కంప్యూటరు పటములు – వాని అనుబంధములు

కట్టడముల పటములు గీయు విద్య నేడు కాగితమునుండి కంప్యూటరునకు మాఱినది. మన పావగడ తాలూకా పిల్లలలో ఐ.టి.ఐ.యందు రెండేండ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ శిక్షణ పొంది, తుమకూరు, బెంగళూరు ఆఫీసులలో చేరువారు కలరు. వారికి తఱచుగా నెదురగు చిక్కొకటి గలదు. నిన్న నిండుగానున్న పటము నేడు తెఱచినంతనే సగము శూన్యముగా కనబడును. దీని కారణమును, నివారణమును తలిదండ్రులును ఎఱిగియుండుట మేలు.

తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు మొదలగు అయిదు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరముల నేలపై 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2019లో పూర్తియైన సంగతి మన మెఱిగినదే. ఇంతటి పనికి పొలముల హద్దులు, దారులు, విద్యుత్తు తీగలు అన్నియు ఒకే పటమున ఒకరే గీయుట కష్టము. హద్దుల పటమును వేఱుగా నుంచి, తక్కిన పటములకు దానిని అనుబంధించినచో, హద్దు ఒకచోట దిద్దిన చాలును. అన్నింటను ఆ మార్పు కనబడును. 1982లో వెలువడిన ఆటోకాడ్‌కు ఈ సౌకర్యము 1990లో, పదునొకండవ విడుదలతో చేరినది. దీనినే ఎక్స్‌రెఫ్ అందురు.

అనుబంధపటము ప్రధానపటములోనికి నకలుగా చేరదు. అది యున్నచోటి విలాసము మాత్రమే వ్రాయబడును. బంధువు ఇల్లు మాఱినను మనము పాతవిలాసమునకే జాబు వ్రాసినచో అది చేరదు గదా! ఫైలు పేరుగాని, ఫోల్డరుగాని మాఱినప్పుడు జరుగునది ఇదియే. తిరుమణి పేరును ఇంగ్లీషున ‘టి’ తరువాత ‘హెచ్’ చేర్చి యొకరు, చేర్పక యొకరు వ్రాయుదురు. మనకు ఊరొక్కటే, కంప్యూటరునకు పేర్లు రెండు.

కావున మొదట ఎక్స్‌టర్నల్ రిఫరెన్సుల పట్టికను చూడవలెను. ‘నాట్ ఫౌండ్’ అని యున్నచో విలాసము తప్పినదని యర్థము. ఫైలును వెదకి క్రొత్త దారిని చూపవలెను. ‘అన్‌లోడెడ్’ అని యున్నచో రీలోడ్ చేసిన చాలును. లోడ్ అయియు కనబడనిచో లేయరు మూయబడినదేమో చూడవలెను. మీటర్ల పటము మిల్లీమీటర్ల పటములో చేరినచో వేయిరెట్లు భేదము కలుగును, ప్రమాణములు సరిచూడవలెను.

తొందరపడి ‘డిటాచ్’ చేయుట ప్రమాదము. అంతటితో అనుబంధమేకాక, పటము అమర్చిన స్థానమును పోవును. మరల కంటియంచనాతో నిలిపినచో హద్దు కొన్ని గజములు జరుగవచ్చును. ఆ పటమును నమ్మి కంచె నాటినచో ప్రక్కరైతు పొలము కలిసిపోవును. తాత్కాలికముగా తొలగింపవలసినచో ‘అన్‌లోడ్’ చాలును, స్థానము చెడదు.

డ్రైవు అక్షరముతో మొదలగు పూర్తిదారి మఱియొక కంప్యూటరులో పనిచేయకపోవచ్చును. ప్రధానపటమునుబట్టి లెక్కించు సాపేక్షదారి యైనచో, ఫోల్డరు నంతటిని కలిపి తరలించినను చెడదు. 2018 సంచికనుండి ఆటోకాడ్ దీనినే స్వయముగా నెన్నుకొనును. పటమును ఇతరులకు పంపునపుడు ప్రధానఫైలు నొక్కదానినే పెన్‌డ్రైవులో వేయరాదు. ‘ఈట్రాన్స్‌మిట్’ అను ఆజ్ఞ అనుబంధములనన్నింటిని ఒకే మూటగా కట్టి యిచ్చును.

ఒక పనికి ఒక ఫోల్డరు, ఒక వస్తువునకు ఒకే పేరు, ఒకే అక్షరక్రమము — ఈ యలవాటు బడిలోని పుస్తకముల వద్దనే నేర్పదగినది. అది రేపు పిల్లవాని ఉద్యోగమును, వాని పటమును నమ్ముకొన్నవారి నేలను కాపాడగలదు.