కలిసిన నీళ్లు, కలిసిన వంశములు

పదియవ శతాబ్దమున వేములవాడ చాళుక్యులకు రాజధాని. అచట రెండవ అరికేసరి కొలువులో నుండిన పంప మహాకవి కన్నడమున కావ్యములు రచించెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు సమీపమునందలి కురిక్యాలలో బొమ్మలగుట్టపై ఒక శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడు భాషలును కలవు. తమ కుటుంబము వేంగినాటి వంగిపఱ్ఱునకు చెందినదని ఆ శాసనమే చెప్పుచున్నది. అది లేకున్నచో, పంపని కావ్యభాషను మాత్రము చూచి ఆ యింటివారి పూర్వస్థానమును ఊహించినవాడు పొరబడియుండెడివాడే.

శాసనములు వేయించుకొనగలవారు కొలదిమందియే. తక్కిన జనుల పూర్వుల మాట యేమి? ఈ ప్రశ్నకు డి.ఎన్.ఏ. కొంత సమాధానమిచ్చుచున్నది. తల్లిదండ్రులనుండి సంక్రమించు ఈ సన్నని పోగుపై నాలుగు రసాయనాక్షరముల వ్రాత యుండును. మనుష్యులందఱికిని ఆ వ్రాత దాదాపు ఒక్కటే. కొన్ని స్థానములలో మాత్రము అక్షరము మాఱును. అట్టి మార్పు ఒక జనములో పెక్కుమందికి, మఱియొక జనములో కొందఱికే కనబడును. ఒక్క స్థానమును చూచి ఏమియు చెప్పరాదు. లక్షల స్థానములను కలిపి లెక్కింపవలెను.

కాళేశ్వరమువద్ద ప్రాణహిత గోదావరిలో కలియును. సంగమమునకు దిగువ కడవెడు నీరు ముంచి, అందు ఏ నది నీరు ఎంతయో తేల్చవలెనన్నచో, ఎగువన రెండు నదుల నీటిని వేఱువేఱుగా పరీక్షించియుండవలెను. శాస్త్రజ్ఞులు చేయునదియు నిట్టిదే. పురాతన సమాధులలోని ఎముకలు ఎగువ నీళ్లు. తరువాతి జనులు దిగువ నీళ్లు. ఏ మూలములను ఏ పాళ్లలో కలిపిన లెక్క సరిపోవునో గణితముచే వెదకుదురు. సరిపోనిచో ఆ మూలమును విడిచి వేఱొకదానిని ఎంచుకొందురు.

ఎగువ నీళ్లు రెండును ఒకే తీరుగా నున్నచో ఈ పని మిక్కిలి కష్టము. ఇంగ్లండున కెల్టిక్ భాషల ప్రాచీన బ్రిటనులును, ఐదవ శతాబ్దము మొదలు ఉత్తర జర్మనీ, డెన్మార్కు తీరములనుండి వచ్చిన జర్మానిక్ భాషలవారును జన్యురీత్యా దగ్గఱి చుట్టములవంటివారు. నేటి జనులను మాత్రమే చూచి వారిని వేఱుచేయుట దుర్ఘటము. 2022లో సమాధులలోని ఎముకలను పరీక్షించి, ఆనాటి తూర్పు, దక్షిణ ఇంగ్లండు జనుల వంశములో నూటికి 76 పాళ్లవఱకు సముద్రమునకు ఆవలినుండి వచ్చినదని తేల్చిరి. అయినను ఎముకకు భాష లేదు. కెల్టిక్, జర్మానిక్ అనునవి భాషల పేర్లు. వాటిని వంశములకు పెట్టుట మన సౌకర్యముకొఱకే.

మన దేశమున చిక్కు మఱియొకటి: ఎగువ నీళ్లు దొరకుటయే అరుదు. వేడికి, తేమకు ఎముకలలోని డి.ఎన్.ఏ. నశించును. హర్యానాలోని రాఖీగఢీయందు 61 నమూనాలను పరీక్షింపగా పనికివచ్చినది ఒక్క స్త్రీది మాత్రమే. 2019లో వెలువడిన ఆ ఫలితము ప్రకారము, సింధునాగరికత కాలపు ఆ స్త్రీయందు మధ్య ఆసియా గడ్డిమైదానముల పశుపాలకుల జాడ లేదు. నేటి భారతీయులలో అనేకులయందు ఆ జాడ కలదు.

అంతకు మునుపే, 2009లో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు లాల్జీ సింగ్, తంగరాజ్ ప్రభృతులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 25 సమూహములకు చెందిన 132 మందిని పరిశీలించిరి. అందు తెలుగు దేశపు మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు జనులును కలరు. ఉత్తర మూలము, దక్షిణ మూలము అని రెంటిని కల్పించి లెక్కించిరి. దక్షిణ మూలమునకు కలియని ప్రతినిధి ప్రధానభూమిపై దొరకనందున, అండమానులోని ఓంగీలను దూరపు జ్ఞాతులుగా గైకొనిరి. ఆ లెక్కకు తీసికొన్న ప్రధానభూమి సమూహములన్నిటను రెండు మూలములును కనబడినవి. ఉత్తర మూలము నూటికి 39 మొదలు 71 పాళ్లవఱకు. మూలములనుకొన్న ఆ రెండును మఱింత పాతవాని కలయికలేయని 2019 నాటి పరిశోధనలు తెలిపినవి.

ఈ కలయిక ఎప్పటిది? తరతరమునకు డి.ఎన్.ఏ. పోగు తెగి మరల అతుకుకొనుచుండును. కావున పూర్వులనుండి వచ్చిన తునకలు ఎంత పొట్టివైన కలయిక అంత పాతది. ఆ కొలతనుబట్టి 4,200 మొదలు 1,900 ఏండ్ల క్రిందట జనులు విస్తారముగా కలిసిరని 2013లో నిర్ణయించిరి. పిమ్మట స్వజాతి వివాహములు బలపడినవి.

దాని ఫలము ఆసుపత్రులలో కానవచ్చును. వైశ్యులలో కొందఱికి, శస్త్రచికిత్సవేళ కండరములను సడలించుటకు ఇచ్చు ఒక మందు త్వరగా విఱుగదు. ఊపిరి తీయు కండరములు చాలసేపు కదలకుండును. కొలదిమంది పూర్వులలో నుండిన లోపము, ఆ సంఘమున వారిలో వారికే పెండ్లిండ్లు జరుగుటచే, నిలిచిపోయినది. ఈ సంగతి ముందుగా తెలిసినచో వైద్యుడు వేఱొక మందు వాడును.