సాయంత్రం 5కి దిగితే ఫోన్ పొద్దున ఎందుకొస్తుంది?

మా వీధిలో ఒక అత్త, కొడుకు అమెరికా పోతున్నాడని ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకొని వచ్చి, నన్ను అడిగింది: "జనవరి టికెట్ నాయనా. మధ్యాహ్నం 2కి బెంగళూరులో ఎక్కితే, అదే రోజు సాయంత్రం 5కి శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుతాడంట. మూడు గంటలేనా?"

కాదు. టికెట్‌లో ఏ ఊరికి ఆ ఊరి టైమే వేస్తారు. జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక. దానికి ఈ మూడు కలిపితే పదహారున్నర గంటలు. అదీ అసలు ప్రయాణం. వాళ్ల ఎండాకాలంలో తేడా పన్నెండున్నర గంటలే, గుర్తుపెట్టుకోండి.

మరి దూరం? దగ్గరి దారిలో సుమారు 14,000 కిలోమీటర్లు. గంటకు 900 వేసుకున్నా పదిహేనున్నర గంటలు. గాలిని బట్టి, తిరిగే దారిని బట్టి ఇంకాస్త పెరుగుతుంది.

ఫోన్ మ్యాప్‌లో అడ్డంగా గీత గీయొద్దు. భూమి గుండ్రం కదా! బత్తాయి మీద రెండు చుక్కలు పెట్టి దారం బిగించి చూడండి. ఈ రెండు ఊర్ల మధ్య దారం ఉత్తర ధ్రువం పక్కకే పోతుంది. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, అందరూ ఆడ పైలట్లే ఉన్న టీమ్‌తో, ఎయిర్ ఇండియా విమానాన్ని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ధ్రువం మీదుగానే బెంగళూరుకు తెచ్చారు.

అత్తకు పేపర్ మీద రాసిచ్చినా: "అక్కడి సాయంత్రం 5 అంటే మనకు మరుసటి రోజు పొద్దున 6.30. అంతవరకు ఫోన్ కలవకపోయినా భయపడొద్దు, పడుకో." మీ ఇంట్లో కూడా ఇట్లే రాసిపెట్టి పోండి.